వావిలాకు నీళ్లు, మన ఆడవాళ్ల ఆరోగ్యం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మా మహిళా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేం మాట్లాడబోయేది సభల్లో ఎవరూ ఎత్తని విషయం. ఆడవాళ్ల నడుము కింది ఆరోగ్యం గురించి. తమ్ముళ్లు లేచి వెళ్లకండి. ఇది మీ అమ్మ గురించి, మీ అక్క గురించి, రేపు మీ ఇంటికి వచ్చే అమ్మాయి గురించి.

మన ఇళ్లలో పురుడు వస్తే ముందు గుర్తొచ్చేది వావిలాకు. వాగు ఒడ్డున గుబురుగా పెరిగే చెట్టు, నీలం పూలు. ఆకు కోసుకొచ్చి పెద్ద కుండలో మరగకాచి, చన్నీళ్లు తొలిపి, బాలింత నడుము మీద, కాళ్ల మీద ధారగా పోసేవాళ్లు. ఒళ్లు నొప్పులకు చింతాకు నీళ్లు, కాపడానికి వెచ్చచేసిన ఆముదపాకు. తల ఆరడానికి సాంబ్రాణి పొగ. జలుబు చేస్తే అదే వావిలాకు వేసి దుప్పటి కప్పుకుని ముఖానికి ఆవిరి. ఆయుర్వేదంలో ఈ వావిలినే నిర్గుండి అంటారు, వాత నొప్పులకు వాడతారు. అంటే మన అవ్వలు ఊరికే చేసిన పని కాదిది.

పోలవరం ముంపుతో దేవీపట్నం, పోలవరం మండలాల్లో ఎన్నో ఊళ్లు కాలనీలకు చేరాయి. ఇళ్లు వచ్చాయిగానీ వాగు రాలేదు, వావిలి చెట్టు రాలేదు. మంత్రసాని అవ్వ ఒక కాలనీలో ఉంటే ఆమె చేతిమీద పుట్టిన పిల్లలు ఇంకో కాలనీలో ఉన్నారు. అడిగి తెలుసుకునే దారి తెగింది. ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చింది.

ఇప్పుడు మన చెల్లెళ్ల ఫోన్లలో ఒక మాట తిరుగుతోంది. మూలికలు మరిగించిన గిన్నె మీద కూర్చుని కింద ఆవిరి పట్టుకుంటే గర్భసంచి శుభ్రపడుతుందట, ముట్టు నొప్పి పోతుందట. కొరియాలో, ఇండోనేషియాలో ఇలాంటి ఆచారం ఉన్న మాట నిజమే. 2015లో అమెరికా నటి గ్వినెత్ పాల్ట్రో వెబ్‌సైట్ దీన్ని మెచ్చుకున్నాక ప్రపంచమంతా పాకింది. దాన్నే ఇప్పుడు పొట్లాలు కట్టి "ఆదివాసీల రహస్యం" అని అమ్ముతున్నారు. మేం మా పెద్దవాళ్లను అడిగాం. వాళ్లు చెప్పింది ఒకటే: "నీళ్లు పోశాం, కాపడం పెట్టాం. సలసల కాగే కుండ మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు."

డాక్టర్లు చెప్పేది కూడా వినండి. ఆవిరి గర్భసంచి దాకా చేరదు. యోని లోపల మేలుచేసే సూక్ష్మక్రిములు ఉంటాయి. అవి అక్కడ పులుపు గుణాన్ని నిలిపి, చెడ్డ క్రిములను పెరగనివ్వవు. అది తనను తాను శుభ్రం చేసుకుంటుంది. పైన మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. అక్కడి చర్మం చాలా పల్చన, ఆవిరి తగిలితే ఇట్టే కాలుతుంది. గర్భసంచి జారిన 62 ఏళ్ల ఒకామె ఆపరేషన్ తప్పుతుందన్న ఆశతో ఇలా ఆవిరి పట్టుకుని బొబ్బలెక్కేలా కాల్చుకుందని, దాంతో ఆపరేషనే వెనక్కి పోయిందని 2019లో కెనడా వైద్య పత్రికలో రాశారు.

కెనడా దాకా ఎందుకు? మా చుట్టాల్లో ఒక పెద్దమ్మకు గర్భసంచి జారింది. పురుడు అయిన కొన్నాళ్లకే కట్టెల మోపులెత్తింది, నీళ్ల బిందెలు మోసింది. ఏళ్ల తరబడి పాత గుడ్డ కట్టుకుని తిరిగింది తప్ప కూతురికి కూడా చెప్పలేదు. చివరికి తెలిసినప్పుడు, మాలోనే చదువుకున్న పిల్ల ప్రేమకొద్దీ ఆ పొట్లం తెప్పించింది. రెండో రోజుకే తొడలు కాలాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదమ్మా?" పెద్దమ్మ తల దించుకుంది. మేమూ దించుకున్నాం. కాల్చింది ఆవిరే. కానీ ఆమెను అక్కడిదాకా తెచ్చింది మన సిగ్గు.

గర్భసంచి జారడానికి వైద్యం ఉంది. మొదట్లోనే వస్తే కటి కండరాలను బిగించే వ్యాయామాలు నేర్పుతారు, లోపల రింగు పెడతారు. అవసరమైతేనే ఆపరేషన్.

అయితే అవ్వల పద్ధతులన్నీ వదిలేయమంటున్నామా? లేదు. జల్లెడ పట్టమంటున్నాం. బాలింతకు ఒంటిమీద గోరువెచ్చని వావిలాకు నీళ్లు పోయండి, ముందు మోచెయ్యి ముంచి వేడి చూడండి. ఆపరేషన్ పురుడైతే, కుట్లుంటే ఎప్పుడు పోయాలో నర్సమ్మను అడగండి. కింద కుట్ల నొప్పికి శుభ్రమైన గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాసేపు కూర్చోమని డాక్టర్లే చెప్తారు. ఆ నీళ్లలో ఆకులూ పసర్లూ వద్దు.

మంచం కింద కుంపటి మానేయండి. తలుపులు మూసిన గదిలో ఆ పొగ తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదకు తెస్తుంది. సాంబ్రాణి పొగ పసిబిడ్డ దగ్గర వద్దు. బాలింతకు మంచినీళ్లు తగ్గించే అలవాటూ మానాలి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ.

ఇక ఇవి కనిపిస్తే ఏ ఆకూ వెతకొద్దు: పురుడయ్యాక జ్వరం, ఆగని రక్తం, వాసన వచ్చే తెల్లబట్ట, పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కిందికి ఏదో జారినట్టు ఉండటం, ముట్లుడిగాక మళ్లీ రక్తం. ఆశా అక్కకు చెప్పండి. రంపచోడవరమో, రాజమండ్రి సర్కారు ఆసుపత్రో, ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లండి. రక్తం ఆగకపోతే, జ్వరం పెరిగితే 108కి ఫోన్ చేయండి.

తమ్ముళ్లూ, బండి మీ దగ్గరుంది, ఫోన్ మీ దగ్గరుంది. అమ్మ "ఒంట్లో బాగోలేదు" అని సగం మాటే చెప్తుంది, మిగతా సగం మీరు అర్థం చేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. పురుడైన ఇంట్లో నీళ్ల బిందె మీరు ఎత్తండి. చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర కూర్చుని ఏ ఆకు, ఎందుకు, ఎప్పుడు వద్దు అని అడిగి రాసుకోండి. కాలనీలో తడి ఉన్నచోట ఒక వావిలి కొమ్మ నాటండి. కొమ్మ నాటితే బతికే చెట్టది.

అవ్వ మాటను అవ్వ నోటినుంచే విందాం. పొట్లం మీద అచ్చువేసిన మాటను కాదు. జై ఆదివాసీ!