పిల్లలు పడవ కొంటామంటే పెద్దలు అడగవలసినవి

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ చాలా మాట్లాడుకున్నాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ప్రత్యేక సంచికకు పనికొచ్చేటట్టు, అమెరికాలో మీవాళ్ళు పడవ కొన్న సంగతి చెప్పండి" అన్నారు. వినడానికి ఇది మనకు సంబంధం లేని విషయంలా ఉంటుంది. కాని మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఏదో ఒక ఆదివారం ఫోను చేసి, "నాన్నా, ఒక పాత పడవ చవగ్గా వస్తోంది" అంటారు. అప్పుడు ఏమడగాలో మనకు తెలిసి ఉంటే మంచిదని ఒప్పుకున్నాను.

మా అబ్బాయి టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి ఉత్తరాన, లూయిస్‌విల్ జలాశయానికి దగ్గర్లో ఉంటాడు. 2022 వేసవిలో మేమిద్దరం అక్కడికి వెళ్ళినప్పుడే ఈ పడవ మాట వచ్చింది. వాడు చూసినది కాటమరాన్ అనే రకం. రెండు సన్నని దోనెలు పక్కపక్కన ఉంటాయి. వాటి మధ్య మంచానికి నవారు బిగించినట్టు ఒక గట్టి గుడ్డ బిగిస్తారు. మనుషులు కూర్చునేది దాని మీదే. ఇంజను లేదు, తెరచాపతోనే నడుస్తుంది.

ఈ కాటమరాన్ అనే మాట మన పక్కింటి మాటే. తమిళంలో కట్టు అంటే కట్టడం, మరం అంటే మాను. మాన్లు కలిపి కట్టిన తెప్పను వాళ్ళు కట్టుమరం అన్నారు. కోరమండల్ తీరానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను పట్టుకుపోయారు. మన విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో మత్స్యకారులు తెప్ప అనేది దీన్నే. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి మాన్లు ఆరబెట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. అయితే రెండు దోనెలు జోడించే పద్ధతి పసిఫిక్ మహాసముద్రంలోని దీవులవాళ్ళది. పేరు మన తీరానిది, రూపం వాళ్ళది.

ఈ చిన్న పడవల్ని జనంలోకి తెచ్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన హోబీ ఆల్టర్. అలల మీద తేలే సర్ఫ్ బల్లలు చేసేవాడు. 1968లో 14 అడుగుల పడవ, ఆ తరువాత 16 అడుగులది తెచ్చాడు. 2014లో కాలం చేశాడు. మావాడు కొన్నది ఆ హోబీ 16 రకమే. పొడవు 16 అడుగుల 7 అంగుళాలు, వెడల్పు దాదాపు 8 అడుగులు, బరువు 145 కిలోలు. లక్షకు పైగా తయారైన రకం కాబట్టి పాతవి తేలిగ్గా దొరుకుతాయి, విడిభాగాలూ దొరుకుతాయి. కొత్తది కొనాలంటే పది వేల డాలర్లు దాటుతుంది. మావాడికి ట్రెయిలరుతో కలిపి పాతది 1,400 డాలర్లకు వచ్చింది.

ఇక అసలు విషయం. మా ఇంటావిడది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆవిడ మేనమామగారి కుటుంబంలో ఒక్కరూ మిగలలేదు. ఆనాటి నుంచి నీళ్ళ దగ్గరికి వెళ్ళదు. పుష్కరాలకు వెళ్ళినా చెంబుతో నెత్తిన పోసుకుని వచ్చేస్తుంది. అటువంటి మనిషి దగ్గర కొడుకు పడవ మాట ఎత్తాడు. మా మనవరాలికి అప్పుడు పద్నాలుగేళ్ళు, మనవడికి తొమ్మిది. ఆవిడ వద్దని అనలేదు. "ఒరేయ్ అబ్బాయీ, మూడు మాటలడుగుతాను, జవాబు చెప్పి కొనుక్కో" అంది. పడవలో లోపముంటే ఎలా తెలుస్తుంది? నీళ్ళలో తిరగబడితే ఎవరు లేపుతారు? పిల్లల ప్రాణానికి ఏది అడ్డు? ఈ మూడింటికీ మేము వెతుక్కున్న జవాబులే మీకు చెబుతున్నాను.

మొదటిది, లోపం పట్టుకోవడం. ఈ దోనెలు ఫైబర్ గ్లాసువి. రెండు పొరల మధ్య తేలికైన నురగ పదార్థం ఉంటుంది. పాతబడితే పొర ఆ నురగ నుంచి ఊడిపోతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మనం కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు, నాణెంతో వరసగా కొట్టి చూడాలి. ఖంగుమనకుండా బోదగా మోగినచోట అనుమానించాలి. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిందంటే, ఆ పడవ ఎంత చవకైనా వద్దు. ముఖ్యంగా దోనెల పైభాగం, ముందు స్తంభాల దగ్గర చూడాలి. దోనె వెనక ఒక బిరడా ఉంటుంది. ఒకసారి నీళ్ళలో తిప్పి ఒడ్డుకు తెచ్చాక అది తీస్తే గ్లాసెడు నీళ్ళు వస్తే ఫరవాలేదు, బకెట్టెడు వస్తే చిల్లు ఉన్నట్టే.

తెరచాప స్తంభాన్ని నిలబెట్టేది స్టే వైర్లు. మన భాషే, చూశారా! మన పోలుకు స్టే ఎలాగో దానికీ అంతే. ముందు ఒకటి, పక్కల రెండు. ఒకటి తెగితే స్తంభం మనుషుల మీద పడుతుంది. ఒక్క పోగు తెగి బయటికి పొడుచుకు వచ్చినా ఆ వైరు మార్చవలసిందే. మావాడు పాతవాటిని నమ్మకుండా మూడూ కొత్తవి వేయించాడు. అల్యూమినియానికి స్టీలు తగిలినచోట తెల్లని పొడి రాలుతుంటే లోహం తింటోందని అర్థం. రాగికీ అల్యూమినియానికీ మధ్య బైమెటాలిక్ క్లాంపు ఎందుకు వేస్తామో తెలిసిన మీకు ఇది వివరించనక్కరలేదు. ఉప్పునీటిలో తిరిగిన పడవకు ఈ జబ్బు ఎక్కువ. చెరువులో తిరిగినదానికి ఎండ దెబ్బ ఎక్కువ. గుడ్డ కుట్లు, తాళ్ళు గోటితో గీరి చూడాలి. తెరచాపలు చిరిగి ఉంటే మాత్రం జాగ్రత్త. కొత్త జత వెల ఒక్కోసారి పాత పడవ వెలనే మించిపోతుంది.

కాగితాల సంగతి కూడా ఉంది. టెక్సాసులో 14 అడుగులు, అంతకు మించిన తెరచాప పడవకు ప్రభుత్వం వారి టైటిల్ పత్రం ఉండాలి. పడవ కుడి వెనక భాగాన 12 అక్షరాలు, అంకెల గుర్తింపు ఉంటుంది. 1972 చివరి నుంచి అక్కడ తయారైన పడవలన్నిటికీ ఇది ఉంది. పత్రంలోనిదీ, పడవ మీదిదీ ఒకటేనా అని చూడాలి. ట్రెయిలరు లెక్క వేరు. దాని నంబరు ప్లేటు, దాని కాగితం విడిగా అడగాలి. ఇది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం.

రెండో ప్రశ్న, తిరగబడితే ఎవరు లేపుతారని. ఈ పడవ తిరగబడటం వింత కాదు, ఆటలో భాగం. గాలి ఎక్కువైతే పక్కకు ఒరుగుతుంది, ముక్కు నీళ్ళలో గుచ్చుకుని మొగ్గ కూడా వేస్తుంది. లేపే పద్ధతి ఇది. తెరచాప తాళ్ళు వదులు చేసి, పడవ ముక్కును గాలికి ఎదురుగా తిప్పాలి. పైనున్న దోనె మీదుగా తాడు వేసి, కింది దోనె మీద నిలబడి వెనక్కి వాలి లాగాలి. గాలి తెరచాప కిందికి దూరి సాయం చేస్తుంది. అయితే లాగేవాళ్ళ బరువు మొత్తం 135 కిలోల దాకా ఉండాలి. మావాడు 68, కోడలు 54. కూడితే 122. చాలదు.

ఈ లెక్క పడవ అమ్మినాయన చెప్పలేదు, మావాడికీ తట్టలేదు. వాళ్ళమ్మ అడిగిన ప్రశ్న వల్ల బయటపడింది. అందుకని మూడో పెద్ద మనిషి లేకుండా పడవ ఎక్కకూడదని ఇంట్లో నియమం పెట్టారు. మొదటిరోజు పిల్లల్ని ఒడ్డునే ఉంచి, నడుము దాటిన లోతులో కావాలనే పడవను పడదోసి, లేపడం నేర్చుకున్నారు. ఒక స్నేహితుడు తోడున్నాడు. రెండుసార్లు లేవలేదు, మూడోసారి లేచింది. మా ఇంటావిడ ఒడ్డున నిలబడి ఒక్క మాటా మాట్లాడకుండా చూసింది. తరువాత "ఇంకోసారి లేపు" అంది. లేపాక ఇంటికి వచ్చాం.

మూడోది, పిల్లల ప్రాణానికి అడ్డు. అక్కడి చట్టం ప్రకారం ఇటువంటి చిన్న పడవ నీళ్ళ మీద కదులుతున్నంతసేపు 13 ఏళ్ళ లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. మా ఇంట్లో చట్టం ఇంకా గట్టిది. వయసుతో పని లేదు, అందరూ తొడుక్కోవాలి. పడవ పడితే దాన్ని వదిలి ఈదుకుంటూ పోకూడదు. తేలే పడవే అన్నిటికన్నా పెద్ద ఆధారం, దూరాన్నుంచి కనిపించేదీ అదే. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డుకు రావాలి.

ఆవిడ అడగని నాలుగో సంగతి నేను చేర్చాను. ముప్ఫై మూడేళ్ళు లైన్ల కింద బతికినవాణ్ణి గదా! ఈ పడవ స్తంభం అల్యూమినియంది, 26 అడుగుల 6 అంగుళాలు, అంటే 8 మీటర్లు. ట్రెయిలరు మీద నిలబెడితే కొస 9 మీటర్ల పైకి పోతుంది. మన కాలంలో 1956 నాటి రూల్సు ప్రకారం రోడ్డు దాటే 11 కె.వి. లైనుకు కనీస ఎత్తు ఎంత? 6.1 మీటర్లు. అమెరికాలో లెక్కలు వేరు కావచ్చు, కరెంటు మాత్రం వేరు కాదు. స్తంభాలు లైన్లకు తగిలి అక్కడ మనుషులు చనిపోయారు. అందుకే 1980లలో ఆ కంపెనీ స్తంభం పైభాగాన్ని కరెంటు పారని పదార్థంతో చేయడం మొదలుపెట్టింది. పాత పడవ కొనేటప్పుడు ఆ కొస ఉందా లేదా చూడాలి. ఉన్నా నిశ్చింతగా ఉండకూడదు. కింది భాగం, స్టే వైర్లు అన్నీ లోహమే.

మావాడికి నేను చెప్పింది ఒకటే. ఎల్.సి. తీసుకోకుండా పోలెక్కే లైన్‌మన్ లేడు. నీకు ఎల్.సి. ఇచ్చేవాడు లేడు కాబట్టి నువ్వే తలెత్తి చూడు. స్తంభం లేపే చోటు నుంచి నీటి అంచు దాకా ముందు ఉత్త చేతులతో నడు. దారి పొడుగునా ఆకాశం తప్ప ఏమీ కనపడకూడదు. నీళ్ళ అంచునే లేపు, అక్కడే దించు. స్తంభం నిలబెట్టి ట్రెయిలరు లాగవద్దు. ఈ మాటలు కాగితం మీద రాయించి ట్రెయిలరు పెట్టెలో అంటించాను.

ఇప్పటికి వాళ్ళు కొన్ని వేసవులు నడిపారు. తాళ్ళు, గుడ్డ, టైర్లు అంటూ ఏడాదికి కొంత ఖర్చు ఉంటూనే ఉంది. పాత పడవ వెల ఒకసారి ఇచ్చేది కాదు, ఏటా ఇచ్చేది. అయినా మనవరాలు ఇప్పుడు చుక్కాని పడుతుంది. మా ఇంటావిడ నీళ్ళలోకి వెళ్ళలేదు. పడవ ఇసుక మీద ఉన్నప్పుడు ఒకసారి దాని గుడ్డ మీద కూర్చుని పిల్లలకు పులిహోర పెట్టింది. అంతకు మించి ఎవరూ బలవంతపెట్టలేదు.

మిత్రులారా, భయపడేవాళ్ళను పిరికివాళ్ళని పక్కన పెట్టడం మన ఇళ్ళలో అలవాటు. ఆ భయం ప్రశ్నగా మారితే ఎంత మేలు చేస్తుందో మా ఇంట్లో చూశాను. మీ పిల్లలు పడవే కొననక్కరలేదు, ఇంకేదైనా కొనవచ్చు. వద్దనకండి, సరేననీ తొందరపడకండి. అడగండి. సమాధానం వచ్చేదాకా అడగండి.