కొండ భాషలో బతికున్న బండి ఱ

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో మన్యం పిల్లలుంటే, వాళ్ల ఇళ్లలో పెద్దలది మరో భాష కావచ్చు. అరకు వైపు వినిపించే కొండ భాష అలాంటిది. దాన్నే కూబి అంటారు. తెలుగుకు దగ్గరి చుట్టం.

బండి ఱ గుర్తుందా? మనం దాన్ని ర లో కలిపేశాం. కొండ భాష కలపలేదు. అక్కడ ర వేరు, ఱ వేరు. ర పలికితే నాలుక కొస ఒక్కసారి తగిలి ఊరుకుంటుంది. ఱ పలికితే గట్టిగా అదురుతుంది. మళ్లీ చెబుతున్నాను, మనం పోగొట్టుకున్న తేడా వాళ్ల నోళ్లలో ఇంకా ఉంది. నాకైతే ఇది అద్భుతం.

ఇక వ్యాకరణం. మనం మగవాళ్లనైనా ఆడవాళ్లనైనా 'వచ్చారు' అంటాం. కొండ భాషలో అలా కుదరదు, మగవాళ్లకు క్రియారూపం వేరు. ఆడవాళ్లంతా వచ్చినా, ఆవులు వచ్చినా క్రియ ఒకటే. ఇందులో చిన్నచూపు వెతకకండి. అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది అని మనమూ అంటాం కదా!

ఉస్మానియా ఆచార్యులు భద్రిరాజు కృష్ణమూర్తి ఈ భాషకు రాసిన వ్యాకరణం 1969లో వెలువడింది. ఈ భాష సొంతమైన కొండదొర గిరిజనుల్లో చాలామంది ఇప్పటికే తెలుగుకు మారిపోయారు. మీ ఇంట్లో ఈ భాష వచ్చిన పెద్దలుంటే, ఈ ఆదివారమే ఫోన్ చేయండి. ఆ భాషలోనే ఒక కథ చెప్పించుకోండి. వాళ్లు సరేనంటే రికార్డు చేసుకోండి.