రెండవ గాలివాన



రజతోత్సవ సభలో గాలివాన ప్రసంగమేమిటని నిన్న ఒక పెద్దమనిషి నన్నడిగెను. కోనసీమలో ఇరువదియైదేండ్లు నిలిచిన ఏ సంస్థకైనను గాలివానతో చుట్టరికము తప్పదని నేను చెప్పితిని. మొదటి గాలివాన కథ చెప్పువారు ఊరూరను గలరు. నేడు నేను రెండవదానిని గూర్చి చెప్పదలచితిని. మొదటిది విరుగగొట్టినదానిని మనము కూడగట్టుకొనుచుండగా వచ్చునది రెండవది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను వేయిమందికి పైగా ప్రాణములను గొన్నది. ఐ. పోలవరము, ముమ్మిడివరము, కాట్రేనికోన ప్రాంతముల వారికి ఆ రాత్రిని గూర్చి నేను చెప్పనక్కరలేదు. తెల్లవారిన పిమ్మట పడిపోయిన కొబ్బరిచెట్లను చూచి మేమేడ్చితిమి. నిలిచియుండి మొవ్వు నలిగిన చెట్ల సంగతి మాత్రము అప్పుడు మాకు తోచలేదు. కొబ్బరిచెట్టు ఇంచుమించు నెలకొక మట్ట వేయును, మట్టకొక గెల. పూగుత్తి విచ్చినది మొదలు కాయ ముదురుటకు సుమారు పండ్రెండు నెలలు. ఆ గెల తొలిరూపు మొవ్వులో ఏర్పడునది అంతకు రెండేండ్లకు పూర్వమే. కావున ఒక రాత్రి తగిలిన దెబ్బ మూడేండ్లవరకు గెలలలో కనబడుచునే యుండును. కూలిన చెట్టు చోట దేశవాళి మొక్క నాటినచో కాపునకు ఆరేడేండ్లు. అట్లు నాటిన మొక్కలింకను చేతికి రాకమునుపే, 1998లో కేరళమున కనబడిన నల్లి తరువాత మన తోటలకును చేరి, కాయ తొడిమలక్రింద దాగి రసము పీల్చినది. పెంకు పగిలి, కాయ చిన్నదయ్యెను. గాలి వీవని గాలివాన యది.

వరి రైతు సంగతి వేరు. కొబ్బరికి లెక్క యేండ్లలో నున్న, వరికి లెక్క దినములలో నుండును. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించిన మాట దేశమంతయు విన్నది. ధాన్యపు ధర పెట్టుబడికి చాలకపోవుటయు, మురుగు కాలువలు పూడి చేలు మునుగుటయు అందులకు ముఖ్య కారణములు. మరుసటి యేట నాట్లు వేసితిమి. నీలం తుపాను వానలు వచ్చి పడినవి. 2013లో మరల వేసితిమి. అక్టోబరు చివర భారీ వర్షములు చేలను ముంచినవి. నీరు తీసి, లేచిన పైరును చూచి, అప్పులవానికి గడువు చెప్పి, కోతకు సిద్ధమగుచుండగా నవంబరు 22వ తేదీ శుక్రవారమునాడు హెలెన్ వచ్చినది.

హెలెన్ తీరము దాటినది మచిలీపట్టణమునకు దక్షిణమున. అంత దూరమున దాటిన గాలి మన చెట్లనేల కూల్చినదని ఆ దినములలో మా అరుగుమీద పెద్ద వాదము జరిగినది. మన సముద్రములో తుపాను సుడి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. కావున పడమరగా వచ్చు తుపానునకు కుడివైపున, అనగా ఉత్తరమున నున్న తీరముమీదికి గాలి సముద్రమునుండి తిన్నగా కొట్టును. కేంద్రము కృష్ణా జిల్లాలో నున్నను మనము కుడిచేతి వైపున నుంటిమి.

హెలెన్ వెడలిన వెంటనే అండమాను దిక్కున మరియొకటి పుట్టినదని తెలిసినది. దాని పేరు లెహర్, అనగా అల. ఆ పేరు మన దేశము పెట్టినదే. 25వ తేదీన అది పోర్టుబ్లెయిరు దగ్గర ద్వీపములను దాటి మరింత బలిసినది. కాకినాడ చేరువను తాకగలదని తొలుత హెచ్చరిక. శుక్రవారము మొదలు మరుసటి గురువారము వరకు ఆరు దినములు.

ఆ ఆరు దినములే నేను చెప్పదలచిన విషయము. పనలు నీటిలో నున్నవి. పడిన వెన్నులు మొలకలెత్తుచున్నవి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారి చేసినచో మొలక ఆగునని వ్యవసాయ శాఖవారు చెప్పుచుందురు. దుకాణములో కల్లుప్పు బస్తాలకు అరటి రైతులు, వరి రైతులు ఒకరినొకరు త్రోసికొనిరి. కూలీలు దొరకరు, దొరికినవారు తమ యిండ్లపై తాటాకులు కప్పుకొనవలయును గదా! గట్టు తెంచి నీరు వదలినచో క్రిందిచేను వానికి మునక. నేను ఒక రాత్రి పొరుగువాని గట్టు తెంచితిని. ఈ మాట ఇన్నేండ్లకు సభలో చెప్పుచున్నాను. ఆయన ఇక్కడనే కూర్చుండియున్నారు. మొదటి గాలివాన మమ్ములనందరిని ఒక కప్పు క్రిందికి చేర్చినది. రెండవదాని భయము మమ్ములను విడదీసినది.

27వ తేదీకి లెహర్ బలము తగ్గసాగెను. సముద్రమున వేడిమి చాలకపోవుట, పై యెత్తున గాలులు దానిని చెదరగొట్టుట, పొడిగాలి చొరబడుట కారణములని చెప్పిరి. 28న వాయుగుండముగా మచిలీపట్టణము చేరువను తీరము దాటినది. మరునాడే ఊరిలో సణుగుడు బయలుదేరినది: ఉత్త హెచ్చరిక, వృథా శ్రమ, పచ్చిచేను కోయించిరని. పచ్చిగా కోసిన రైతు నష్టమును నేను కాదనను. అది నిజమైన నష్టమే. కాని రాని తుపానునకు సిద్ధపడుటను వృథా యన్నవాడు 1996 నాటి ఆ తీరగ్రామములకు వెళ్లి ఆ మాట చెప్పగలడా?

కౌలుదారు మాట చెప్పక ముగింపలేను. మొదటి నష్టమునకు పెట్టుబడి రాయితీ వచ్చుసరికి రెండవది వచ్చి పోయియుండును. వచ్చినను పలుచోట్ల పాసుపుస్తకము గలవారి పేరనే వచ్చును. నారు పోసినవాని చేతికి చేరదు. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టము వచ్చినది. యజమాని జంకు, కౌలుదారు మొగమాటము కలిసి ఎన్ని కార్డులను ఆపినవో మన ఊరివారికి తెలియును.

ఇప్పుడు గ్రంథాలయమునకొక విన్నపము. ఏ తుపాను ఏ దినమున వచ్చినది, ఏ చేను ఎన్ని దినములు నీటనున్నది, ఏ కాలువ గుర్రపుడెక్కతో మూసుకొనినది, ఎవరి తోటలో ఏ చెట్లు నిలిచినవి, పచ్చిగా కోసినవానికెంత, కోయనివానికెంత, ఇవి వ్రాయుటకు వార్తాపత్రికల బల్లమీద ఒక గట్టి అట్టల పుస్తకము నుంచవలయును. కౌలుదారు పేరు అందు తప్పక వ్రాయవలయును. మొదటి పుటను, 2013 నవంబరు 22 మొదలు 28 వరకు, నేనే వ్రాసి తెచ్చితిని. తెంచిన గట్టు సంగతియు అందున్నది. నా పొరుగువారు తమ వైపు మాట దాని క్రింద వ్రాయుదురు గాక. కార్యదర్శిగారికి ఇదిగో, ఇచ్చుచున్నాను.