కాలేజీలో ‘పనికిరాని’ సబ్జెక్టులు ఎవరికి పనికొస్తాయి?

(సోలాపూర్‌లో మిల్లు, పవర్‌లూమ్ కార్మిక కుటుంబాల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పన్నెండో తరగతి ఫలితాలు వచ్చి, పిల్లలు కాలేజీ ఫారాలు పట్టుకొని తిరిగే రోజులివి. ఈ రోజుల్లో యూనియన్ ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు ఒకే మాట అడుగుతున్నారు. “మా అమ్మాయిని బి.కాం.లో వేశాము. లెక్కలు, జమాఖర్చులు నేర్పాలి గాని పర్యావరణం ఎందుకు, చరిత్ర ఎందుకు? మావాడు బి.ఎస్సీ. వాడికి భాష పేపరు ఎందుకు? ఫీజు గుంజడానికి పెట్టిన సబ్జెక్టులు కావా ఇవి?” ఈ ప్రశ్న న్యాయమైనదే. మగ్గం మీద గజం లెక్కన కూలి తీసుకునేవాడు ప్రతి గంటకూ లెక్క అడుగుతాడు, అడగాలి కూడా. కనుక ముందు లెక్కే చూద్దాం.

కేంద్ర ప్రభుత్వం 2020లో కొత్త విద్యా విధానం తెచ్చింది. దాని ప్రకారం డిగ్రీ చదువు ఎలా ఉండాలో 2022 డిసెంబరులో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ ఒక చట్రం ప్రకటించింది. మన మహారాష్ట్రలో అనుబంధ కళాశాలలన్నిటిలో ఇది 2024–25 విద్యాసంవత్సరం నుంచి అమలుకు వచ్చింది. ఇందులో చదువును క్రెడిట్లలో కొలుస్తారు. తరగతిలో 15 గంటల పాఠం ఒక క్రెడిట్. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160.

కమిషన్ లెక్క ప్రకారం ఆ 120లో ప్రధాన సబ్జెక్టుకు కనీసం 60, దానికి తోడు సబ్జెక్టుకు 24. మిగిలిన దానిలో ఇతర శాస్త్రాల పరిచయానికి 9, భాషలకు 8, పర్యావరణం, దేశ పరిచయం, ఆరోగ్యం, కంప్యూటరు వాడకం వంటి వాటికి 6 నుంచి 8. చేతిపని నైపుణ్యానికి 9, బయట పని అనుభవానికి 2 నుంచి 4. మన రాష్ట్రంలో వీటికి ఓపెన్ ఎలెక్టివ్ అనీ, ఇంకేవో అనీ వేరే పేర్లున్నాయి, అంకెల్లో కొద్ది తేడాలున్నాయి. పద్ధతి మాత్రం ఒకటే.

మీరు ‘పనికిరానివి’ అంటున్నవి ఇతర శాస్త్రాలు, భాషలు, పర్యావరణం వగైరా. అన్నీ కలిపితే సుమారు 24 క్రెడిట్లు, అంటే 360 గంటలు. మన 12 గంటల పాళీలో చెప్పుకుంటే ముప్పై పాళీలు. మూడేళ్ల చదువులో ఒక్క నెల పాళీ. ఈ నెల వృథా పోతుందా, పిల్లకు ఆస్తిగా మిగులుతుందా అన్నదే ఇవాళ మనం ఆలోచించవలసిన విషయం.

ఈ ఆలోచన 2020లో పుట్టింది కాదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌ను వేశారు. దానికి అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టి, 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన మనిషి. డిగ్రీ చదివే ప్రతి విద్యార్థికీ, ఏ శాఖవాడైనా సరే, సాధారణ విద్య ఉండాలని ఆ కమిషన్ 1949లో సిఫారసు చేసింది. విజ్ఞానశాస్త్రం చదివేవాడికి సమాజం తెలియాలి, సాహిత్యం చదివేవాడికి విజ్ఞానశాస్త్రం తెలియాలి అని దాని సారాంశం. అమలు మాత్రం ముక్కలు ముక్కలుగా జరిగింది. పర్యావరణ పాఠం అందరికీ తప్పనిసరి కావడానికి సుప్రీంకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో కోర్టు ఆదేశాలిచ్చింది. డిగ్రీ స్థాయిలో అది అన్ని శాఖలవారికీ పేపరుగా రావడానికి మరో పన్నెండేళ్లు పైనే పట్టింది.

ఆ పేపరు మనకెందుకు అంటారా? అద్దకం ఖానాల రంగునీళ్లు ఎటు పోతున్నాయి? పత్తి ధూళి ఏళ్ల తరబడి పీల్చిన మనిషి ఊపిరితిత్తులకు ఏమవుతుంది? ఆ జబ్బుకు బిసినోసిస్ అని పేరుంది. వృత్తి వల్ల వచ్చే వ్యాధిగా చట్టం గుర్తించింది, నష్టపరిహారం అడిగే దారి ఉంది. ఈ సంగతి మన బస్తీల్లో ఎంతమందికి తెలుసు? “దగ్గే కదా” అని దగ్గు మందు తాగి ఊరుకున్నవాళ్లే ఎక్కువ. బి.కాం. చదివే పిల్ల పర్యావరణం పేపరు శ్రద్ధగా చదివి, ఇంటికి వచ్చి నాన్న దగ్గును కొత్త కంటితో చూస్తే, ఆ రెండు క్రెడిట్ల విలువ ఫీజు రశీదులో దొరకదు.

చరిత్ర, రాజ్యాంగం సంగతి చూద్దాం. మన జూనీ మిల్లు, అంటే షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ, 1949 ఆగస్టు 27న మూతపడింది. వేలాది కుటుంబాలు వీధిన పడ్డాయి. 1950 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లు నిర్వహణను చేతిలోకి తీసుకుంది, తరువాత దానినే చట్టం చేసింది. చరణ్‌జిత్ లాల్ చౌధురి అనే వాటాదారు, ఇది నా ఆస్తి హక్కుకూ సమానత్వ హక్కుకూ భంగమని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1950 డిసెంబరు 4న కోర్టు ఆయన వాదన కొట్టివేసింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. ద్వారకాదాస్ శ్రీనివాస్ అనే మరో వాటాదారు వేసిన కేసులో 1953 డిసెంబరులో తీర్పు తిరగబడింది, చట్టం చెల్లదన్నారు. ఇలాంటి తీర్పుల నేపథ్యంలోనే 1955లో రాజ్యాంగానికి నాలుగో సవరణ వచ్చింది. దేశంలో ఎక్కడ న్యాయశాస్త్రం చదివినా ఈ మిల్లు కేసులు చదువుతారు. మన తాతలు పనిచేసిన మిల్లు గురించి ఢిల్లీలో విద్యార్థి పరీక్ష రాస్తున్నాడు. మన పిల్లలకు మాత్రం ఆ మిల్లు ఒక పాత గోడ. రాజ్యాంగం, చరిత్ర ‘పనికిరాని’ సబ్జెక్టులైతే, యజమాని తాళం వేసిన రోజున ఏ మాట ఏ కోర్టులో చెప్పాలో మనకు ఎవరు నేర్పుతారు?

ఇంకొక ఉదాహరణ మన పక్కనే ఉంది. డాక్టర్ అంబేడ్కర్ 1913లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది అర్థశాస్త్రం చదవడానికి. కాని ఆయన అర్థశాస్త్రంతోనే ఆగలేదు. చరిత్ర, సమాజశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం తరగతుల్లో కూర్చున్నాడు. భారతదేశంలో కులాల మీద ఆయన మొదటి గొప్ప పత్రం 1916 మేలో చదివింది అర్థశాస్త్రం తరగతిలో కాదు, మానవశాస్త్రం సెమినారులో. ఆయనది పై చదువు, డిగ్రీ కాదు, నిజమే. కాని తన శాఖ గోడ దాటి వెళ్లిన చదువు మనిషికి ఏమి ఇస్తుందో ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు.

మనలాంటి బట్టల కార్మికులే ఇలాంటి చదువు కోరి తెచ్చుకున్న చరిత్ర కూడా ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రిన్ మార్ అనే మహిళా కళాశాలలో 1921లో కార్మిక స్త్రీల కోసం వేసవి బడి పెట్టారు. బట్టల మిల్లుల్లో, కుట్టు ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలు ఎనిమిది వారాలు అక్కడ ఉండి చదివేవారు. వాళ్లకు మిషను పని నేర్పలేదు, అది వాళ్లకు వచ్చు. నేర్పింది అర్థశాస్త్రం, భాష, రాయడం, కొంత విజ్ఞానశాస్త్రం. 1938 దాకా అది ఆ కళాశాలలో నడిచింది.

సోదరులారా, ఒకే పని నేర్చినవాడి గతి ఏమవుతుందో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తరువాత రోడ్డున పడ్డవారిలో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఇక్కడ సోలాపూర్‌లో పెద్ద మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. నాడె మగ్గం మీద చెయ్యి తిరిగిన పనివాడు, నాడె లేని మగ్గం వచ్చిన రోజున కొత్తవాడితో సమానమయ్యాడు. రేపు జమాఖర్చుల పని కంప్యూటరే చేస్తే, జమాఖర్చులు మాత్రమే నేర్చిన మన పిల్ల ఎక్కడ నిలబడుతుంది? పడుగు ఎంత గట్టిదైనా పేక లేనిదే బట్ట కాదు. ప్రధాన సబ్జెక్టు పడుగు, ఈ సాధారణ విద్య పేక.

అంతమాత్రాన కాగితం మీద ఉన్నదంతా బాగుందని చెప్పడానికి నేను రాలేదు. మనం కళ్లు తెరిచి చూడవలసిన చోట్లు నాలుగు ఉన్నాయి.

ఒకటి. సబ్జెక్టులు పెరిగాయి, చెప్పేవారు పెరగలేదు. చాలా కాలేజీల్లో గంటల లెక్కన జీతమిచ్చే అధ్యాపకులతో నెట్టుకొస్తున్నారు. మన బద్లీ కార్మికుడికీ ఆయనకూ తేడా ఏమిటి? పిలిస్తే పని, లేకుంటే లేదు. అటువంటి అధ్యాపకుడి పోరాటం మనదేనని గుర్తించాలి. పాఠం జరగకుండా నోట్సు ఇచ్చి మార్కులు వేసే చోట, మీరన్న మాటే నిజమవుతుంది, అది ఫీజు గుంజే సబ్జెక్టే.

రెండు. ఎంపిక విద్యార్థిది అంటారు. కాని ఏ సబ్జెక్టుకు అధ్యాపకుడు ఉంటే అదే తీసుకోమంటారు. మన రాష్ట్ర నిబంధన ప్రకారం ఓపెన్ ఎలెక్టివ్ ప్రధాన సబ్జెక్టు ఉన్న శాఖ బయటి నుంచి తీసుకోవాలి. కామర్స్ పిల్లకు మళ్లీ కామర్స్ పేపరే అంటగడితే అడిగే హక్కు మనకుంది.

మూడు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒక ఏడాది చదివి, 40 క్రెడిట్లు, వేసవిలో మరో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇచ్చి పంపే ఏర్పాటు ఉంది. రెండేళ్లకు డిప్లొమా. ఇబ్బంది వచ్చినవారికి ఇది ఊరటే, కాదనను. మూడేళ్లలోగా తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ పూర్తి చేయాలి అని కమిషన్ నిబంధన. కాని ఈ తలుపులో నుంచి బయటికి నడిచేది ఎవరి పిల్లలు? డాక్టరు గారి పిల్లలు కాదు. ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పెళ్లి ఖర్చు వచ్చినప్పుడు, “సర్టిఫికెట్ వచ్చింది కదా, ఇక చాలు” అని మన ఆడపిల్లనే ముందు మానిపిస్తాము. తిరిగి చేరేవారు ఎందరుంటారో మీరే చెప్పండి. ఆ తలుపు ఆపద వేళకే. దాన్ని చూసి చదువు ఆపకండి.

నాలుగు. చిన్న పేపరని నిర్లక్ష్యం చేస్తే అది కాలికి అడ్డం పడుతుంది. ప్రధాన సబ్జెక్టులో ఎన్ని మార్కులు వచ్చినా, రెండు క్రెడిట్ల పేపరు తప్పితే డిగ్రీ చేతికి రాదు.

ఇక భాష. ఆధునిక భారతీయ భాష ఒకటి చదవాలని నిబంధన ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో మరాఠీ చదువుతారు. తెలుగు చదవగలిగినవారు తగ్గిపోతున్నారు. మరాఠీ మన అన్నం పెట్టే భాష, దానికి తక్కువ చేయవద్దు. అయితే కాలేజీలో తెలుగు కూడా ఎంచుకునే వీలు కల్పించమని అడగవచ్చు. ఒక్కరు అడిగితే ప్రిన్సిపాలు నవ్వి పంపుతాడు. నలభైమంది తల్లిదండ్రులు సంతకాలు పెట్టి అడిగితే ఫైలు కదులుతుంది. ఈ విద్య మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

కనుక నా మనవి ఇది. ఫారం నింపేముందు సబ్జెక్టుల జాబితా అడిగి తీసుకోండి. ప్రతి పేపరుకు అధ్యాపకుడు ఉన్నాడా అని అడగండి. క్రెడిట్లు జమ అయ్యే ఖాతా, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, ప్రతి సెమిస్టరు తరువాత పిల్లల చేత తెరిపించి చూడండి, పి.ఎఫ్. ఖాతా చూసుకున్నట్టే. యూనియన్ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. కాలేజీలో రెండో ఏడు, మూడో ఏడు చదువుతున్న మన కార్మికుల పిల్లలు ఈ ప్రవేశాల నెలలో ప్రతి ఆదివారం ఆఫీసులో కూర్చుని కొత్తవారి ఫారాలు చూసి పెట్టాలి. ఏ కాలేజీలో ఏ పేపరు నిజంగా చెబుతున్నారో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. వచ్చే ఏడు ఆ పుస్తకం పట్టుకొనే మనం ప్రిన్సిపాళ్ల దగ్గరికి వెళ్దాం.

చేతులెత్తి ఒప్పుకుంటే ఈ ఆదివారం నుంచే మొదలుపెడదాం. సెలవు.