ద్విజములు: దంతపదముల గ్రీకు జన్మకథ

(తమిళనాటి ధర్మపురిలో చేసిన స్మారకోపన్యాసము)



ఎవ్వరి స్మృతికై నేడిచట సమావేశమైతిమో ఆ దంతవైద్యులు, వ్యాధి స్వరూపమును రోగికి తెలియు మాటలలో చెప్పనిదే చికిత్సకు పూనుకొనెడివారు కారు. ఆ నియమమునే శిరసావహించి, దంతశాస్త్రమున వినబడు కొన్ని గ్రీకు పదముల పుట్టుకను, వానికిని ఈ సీమ నీటికిని గల సంబంధమును విన్నవించెదను.

గ్రీకుభాషలో పంటికి ‘ఒదూస్’ అని పేరు. షష్ఠీవిభక్తిలో నది ‘ఒదొన్తోస్’ అగును. సంస్కృత ‘దంత’ శబ్దము దీనికి తోబుట్టువు. మెడలోని రెండవ వెన్నుపూసపై పంటివలె నిక్కియుండు భాగము ‘ఒడాంటాయిడ్’ అనబడుటయు, నశించిన యొక గజజాతి దంతములపై స్తనాకారపు బొడిపెలను జూచి ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు క్యువియే 1806లో దానికి ‘మాస్టొడాన్’ అని పేరిడుటయు ఈ మూలమునుండియే. పన్ను దవడగూటిలో నిలిచియుండు సంధికి ‘గోంఫోసిస్’ అని పేరు; ‘గోంఫోస్’ అనగా ఓడపలకలను బిగించు చీల.

వీనియన్నిటిలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ‘డైఫియొడాంట్’ అను పదము. రెండుమారులు పండ్లు మొలచు ప్రాణి యని దాని యర్థము. ఇందలి ‘ది’ మన ‘ద్వి’. మొలచుటను తెలుపు ‘ఫ్యూ’ ధాతువు మన ‘భూ’ ధాతువు. ‘ఒదొన్త్’ మన దంతము. మూడు ఖండములును మూడు సంస్కృత ఖండములకు సోదరములే! పంటికి ‘ద్విజము’ అని పేరిడిన మన పూర్వులును, ఈ పదమును కూర్చిన ఐరోపా శాస్త్రజ్ఞులును ఒకే సత్యమును వేర్వేరుగా దర్శించిరి.

ఆ రెండవ జన్మమే ఈ జిల్లా బిడ్డలకు కీలకమైనది. పాలపండ్ల పింగాణి చాలవరకు తల్లిగర్భమునందును, పుట్టిన తొలి యేటను ఏర్పడును. జ్ఞానదంతములు తప్ప తక్కిన శాశ్వతదంతముల పింగాణి రమారమి ఎనిమిదేండ్లలోపున, చిగురు చాటుననే సిద్ధమగును. దానిని నిర్మించు కణములకు ‘ఎమెలోబ్లాస్ట్’ అని పేరు. అందలి ‘బ్లాస్తోస్’ గ్రీకున మొలక. ఆ వయసున త్రాగు నీటిలో ఫ్లోరైడు మితిమీరినచో ఆ కణముల పని చెడి, పింగాణిపై సుద్దగీతలును, పిమ్మట గోధుమరంగు మరకలును తేలును. జనులు దీనిని గార యనుకొని బొగ్గుపొడితోను, ఇటికపొడితోను రుద్దుదురు. కాని మరక లోనిదగుటచే తోమినకొలది పన్నే యరుగును గాని మరక పోదు.

ఫ్లోరైడునకు మూలమైన ఫ్లోరిన్ అను మూలకపు పేరును 1812లో ఆంగ్ల రసాయనవేత్త డేవీకి సూచించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంపియరే, పిమ్మట దానికి నాశకరమను అర్థముగల గ్రీకు పదమునుండి ‘ఫ్తోర్’ అను పేరును కల్పించెను. రష్యనులు నేటికిని ఆ పేరుతోనే పిలుతురు. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టిన ఈ పదార్థము, హద్దు మీరినచోట ఆ పేరును సార్థకమొనర్చుచున్నది.

మన దేశమున మనుష్యులయందు ఈ ఫ్లోరైడు వ్యాధిని తొలుత శాస్త్రీయముగా వర్ణించినది తెలుగునేలపైననే: నెల్లూరు జిల్లా రోగులను గూర్చి షార్టు, పండిట్, రాఘవాచారి గారలు 1937లో ప్రకటించిరి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల లోతుబావులనుండియు అదే విషము పైకి వచ్చినది. జపాను ఆర్థికసాయముతో నిర్మితమై, 2013లో ఆరంభమైన హొగెనక్కల్ పథకము కావేరీజలమును ఈ రెండు జిల్లాలకు తెచ్చినది.

అయినను, పథకపు కుళాయి ఎండిన దినమున బోరునీటికి చేయి చాచు తల్లికి, బిడ్డ పండ్లు చిగురులోనే రూపుగట్టుచున్నవని తెలియకున్న, ఆ కావేరీజలము ఇంటికి వచ్చియు నిష్ఫలమే. కావున వైద్యవిద్యార్థులారా, ఉపాధ్యాయులారా, ఈ గ్రీకు పదములను బిరుదములవలె ధరింపక, వాని లోని యర్థమును తెలుగునను తమిళమునను విప్పిచెప్పుడు. ఇచటి తల్లులకు ఆ జ్ఞానము అందినపుడే మనము ఆ వైద్యునకు తగిన శ్రద్ధాంజలి ఘటించిన వారమగుదుము.