49 దాటిన స్త్రీ ఏ లెక్కలో ఉంది?
(ప్రసంగ పాఠం)



దూబగుంట గురించి నెల్లూరు జిల్లాలో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒక చిన్న లెక్క మాత్రం చెబుతాను. 1992లో సారా దుకాణం ముందు నిలబడ్డ స్త్రీకి అప్పుడు 35 ఏళ్ళనుకోండి. 2017లో ఆమెకు అరవై నిండాయి. ఈ పాతికేళ్ళలో ఆమె ఒంటి గురించి ఎవరేం అడిగారు?

చిత్రంగా, మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా 1992-93లోనే జరిగింది. కాన్పుల గురించి, కుటుంబ నియంత్రణ గురించి స్త్రీలను ఎన్నో అడిగారు. అయితే 49 ఏళ్ళ దాకానే. బిడ్డను కనే వయసు దాటితే ప్రశ్నలూ లేవు. తర్వాతి సర్వేల్లోనూ స్త్రీల ప్రశ్నావళికి అదే హద్దు. (2019-21లో రక్తపోటు, షుగరు మాత్రం 15 ఏళ్ళు దాటిన అందరికీ చూశారు.) గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో మన రాష్ట్రంలోనే ఎక్కువని, 15-49 ఏళ్ళ వారిలో సుమారు 9 శాతమని చెప్పింది కూడా ఆ సర్వేలే. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఆ బాధ ఎక్కువగా బయటపడేది యాభై దాటాకే. అప్పటికి సర్వే ఆమెను వదిలేసి ఉంటుంది!

వృద్ధుల మీద పరిశోధనే లేదనను. చైనా, ఘనా, మెక్సికో వంటి ఆరు దేశాల్లో 2007లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో భారతదేశం ఉంది, కానీ తీసుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్ర లేదు. 2017-18లో 'లాసి' పేరిట 45 దాటిన వారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72 వేల మందికి పైగా జనాన్ని కలిశారు. మంచి పని, ఆలస్యంగానైనా. అందులో ఒక ప్రశ్న, 5 కిలోల బరువు ఎత్తడం కష్టమవుతోందా అని. మన పల్లిపాలెంలో చేపల గంప మోసే ముసలామె ఏమంటుంది? కష్టమేముందమ్మా అంటుంది. కాగితం మీద ఆమెకు ఇబ్బంది లేదు. కానీ గంప 5 కిలోలుండదు కదా. మోకాళ్ళు పట్టేసి ఆమె గంప దించేసిన రోజున చేతిలో ఆడే డబ్బు పోతుంది, మందుబిళ్ళకు కొడుకును అడగాలి. ఈ దించేయడం ఏ గడిలో రాయాలి? పైగా లాసి అంకెలు రాష్ట్రం మొత్తానికి వస్తాయి. అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు తీరం అందులో విడిగా కనబడదు.

అందుకని మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ సంఘాల రిజిస్టర్లలో అరవై దాటిన ప్రతి స్త్రీ పేరు పక్కన మూడు సంగతులు రాయండి: వయసు, గర్భసంచి తీయించుకుని ఉంటే ఏ ఏట, పని మానుకుని ఉంటే ఏ నొప్పి వల్ల. కొడుకునో కోడలినో కాదు, ఆమెనే అడగండి. కాస్త పక్కకు పిలిచి అడగండి.