పదవి పేరు, పని బరువు
(అభన్‌పూర్ శాఖ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రాయపూరు నుండి వచ్చిన నేరోగేజి బండ్లు ఒకనాడు ఈ అభన్‌పూర్ జంక్షనులో త్రోవలు చీలి, కొన్ని ధమ్తరికి, కొన్ని రాజిముకు పోయెడివి. 2025 మార్చి నెలలో ఇచ్చటి నుండి రాయపూరుకు బ్రాడ్‌గేజి బండి నడచినది. ఆ పాత లైను బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. కంపెనీ డైరెక్టర్లు లండనులో కూర్చుండగా, ఇచ్చట సర్వాధికారము చలాయించిన దొరకు ఉన్న పేరు ఏజెంటు. పేరులో వినయము, చేతిలో పెత్తనము! తరువాతి కాలమున ఆ పదవియే జనరల్ మేనేజరు అయినది.

ఆ కంపెనీ కార్మికులను కూడగట్టినవారు బరంపురములో పుట్టిన మన తెలుగువారు, వరాహగిరి వేంకటగిరిగారు. ఉద్యోగములు కోల్పోయినవారి కొరకు 1928లో ఆ రైల్వేలో శాంతియుతముగా సమ్మె నడిపి గెలిచిరి. 1926లో ఏ.ఐ.టి.యు.సి. ప్రెసిడెంటు, 1969లో దేశమునకే ప్రెసిడెంటు. ఇంగ్లీషులో రెండింటికిని ఒకటే మాట. అయినను రైల్వేమెన్ ఫెడరేషనులో పదేండ్లకు పైగా వారు మోసినది ప్రధాన కార్యదర్శి బరువు.

కార్యదర్శి అనగా కార్యమును చూచువాడు. కంపెనీలో సెక్రటరీ బోర్డు తీర్మానములను వ్రాసి, చట్టము ప్రకారము దాఖలు చేయవలసిన కాగితములను చూచుకొనును. ఢిల్లీలో ప్రభుత్వ సెక్రటరీ శాఖకంతటికి పెద్ద. మన యూనియనులో కార్యదర్శి రెండు పనులును చేయవలెను, పైగా చార్జిషీటు అందిన సోదరుని ఇంటికి రాత్రివేళ పోవలెను. అధ్యక్షుడు సభను నడుపును, కార్యదర్శి సంఘమును నడుపును. ఈ భేదము మరచిన చోట ఇద్దరికిని తగవు తప్పదు.

ఇక కోశాధికారి మాట. మేమెరిగిన ఒక శాఖలో కార్యదర్శియే కోశాధికారి పనియు చేసెను. ఆయన దొంగ కాడు, ఓపికగలవాడు. కాని చందా రసీదులు, ఖర్చు కాగితములు ఒకే సంచిలో నుండెను. ఆయన హఠాత్తుగా బదిలీ కాగా, మూడేండ్ల లెక్క ఎవరికిని తేలలేదు. సభ్యులు సగమై పోయిరి.

తపాలా సోదరులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. హెడ్డాఫీసు ఇనుప పెట్టెకు పోస్టుమాస్టరు తాళము ఒకటి, ట్రెజరరు తాళము ఒకటి. ఇద్దరును ఉన్నగాని తెరువరాదు. రైల్వేవారు టోకెను సంగతి తలచుకొనుడు. సింగిల్ లైనుపై అవతలి స్టేషను ఒప్పుకొననిదే టోకెను బయటికి రాదు. స్టేషను మాస్టరుపై అనుమానముతో ఆ యంత్రము పెట్టలేదు గదా!

పదాధికారులలో కార్యవర్గ సభ్యులందరును చేరుదురు గాని, ఆడిటరు చేరడని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము నిర్వచించినది. లెక్క వ్రాసినవాడే లెక్క తనిఖీ చేయరాదని భావము. గిరిగారు రైల్వే ఉద్యోగి కారు, న్యాయవాది. నోరు విప్పిన ఉద్యోగికి కొలువు పోవు రోజులలో బయటివారి అండ కావలసివచ్చెను. బయటి పదాధికారులు మూడవ వంతు లేక ఐదుగురు, వీటిలో ఏది తక్కువైన దానికి మించరాదని 2001లో సవరించిరి. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోనికి వచ్చినది.

ఉపాధ్యక్షులు ఎందరని అడుగుచున్నారు. అలిగినవారందరికిని ఒక్కొక్క పదవి ఇచ్చిన, కుర్చీలు చాలవు. ఒక్కరు చాలును.

కోశాధికారి పదవికి ఇద్దరు పోటీలో నున్నారు. శాఖ లెక్కల పుస్తకము, బ్యాంకు పాసుపుస్తకము ఈ బల్లపై నున్నవి. ఓటు వేయుటకు ముందు వచ్చి చూడుడు.